కమిషన్‌కు ముందే విరిగిన నడుం

శిక్షణలో గాయపడి ఇంటిదారి పట్టిన సైనిక క్యాడెట్లకు ఏమివ్వాలన్న వాదన మళ్లీ రాజుకుంది. 1985 నుంచి ఇలా బయటికొచ్చినవాళ్లు దాదాపు 500 మందని పత్రికలో రావడం, 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టడం తెలిసినవే. చిక్కంతా కమిషన్, అంటే శిక్షణ ముగిశాక ఆఫీసర్‌గా అధికారిక నియామకం, వచ్చే తేదీ దగ్గరుంది.

జవానుగా చేరిన కుర్రాడు ట్రైనింగ్‌లో పడి నడుం విరగ్గొట్టుకుంటే అతనికి మాజీ సైనికుడి హోదా వస్తుంది. ఖడక్‌వాస్లాలోనో, డెహ్రాడూన్‌లోనో, మన దుండిగల్‌లోనో ఉన్న సైనిక అకాడమీలో ఆఫీసర్ కాబోయే కుర్రాడు అలాగే పడితే రాదు. భుజాన నక్షత్రాలు ఇంకా ఎక్కలేదు కదా! అతనికి దక్కేది ఎక్స్‌గ్రేషియా, 2025 నాటికి నెలకు 40,000 రూపాయల దాకా. కమిషన్ లేనిదే సర్వీసు లేదన్నది నిబంధన. కాగితం మీద దాన్ని తప్పుపట్టలేం.

ఆ డబ్బు దేనికి సరిపోతుందో చూడాలి. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నవారికి ఆపరేషన్‌తో పని అయిపోదు. వేళ్లు ముడుచుకోవు కాబట్టి అరచేతికి పట్టీ కట్టి అందులో చెంచా దోపి తినడం నేర్పాలి. మంచం మీంచి చక్రాల కుర్చీలోకి నున్నటి పలక మీద జరగడం, పుండ్లు పడకుండా కూర్చున్నచోటే మాటిమాటికీ బరువు మార్చుకోవడం అలవాటు చేయాలి. ఇదే ఆక్యుపేషనల్ థెరపీ. నెలలు పడుతుంది, పక్కన ఎప్పుడూ ఓ మనిషి ఉండాలి. ఇంటికి పంపేస్తే ఆ మనిషి అమ్మే.

ఈ సంగతి సైన్యానికి కొత్తగా చెప్పాలా? మొదటి ప్రపంచ యుద్ధంలో కాళ్లూ చేతులూ పోయినవాళ్లకు పని నేర్పడానికి 1917లోనే క్వీన్ మేరీస్ టెక్నికల్ సంస్థ పెట్టారు. అదిప్పుడు పుణెలోని ఖడ్కీలో ఉంది. వెన్నుపాము గాయాలవాళ్ల కోసం 1974లో అదే ఖడ్కీలో పారాప్లెజిక్ పునరావాస కేంద్రం వచ్చింది. 1965 యుద్ధంలో తూటాలు తగిలిన మురళీకాంత్ పేట్కర్ చికిత్సలో భాగంగా ఈత పట్టి, 1972 పారాలింపిక్స్‌లో స్వర్ణం తెచ్చారు. గాయపడిన సైనికుణ్ని మళ్లీ పనిలో పెట్టడం ఎలాగో తెలిసిన వ్యవస్థే ఇది.

2025 ఆగస్టు 18న కోర్టు అడిగినవాటిలో బీమా, ఎక్స్‌గ్రేషియా పెంపు ఉన్నాయి. చికిత్స తర్వాత మళ్లీ పరీక్షించి ఈ క్యాడెట్లకు డెస్క్ ఉద్యోగాలో, రక్షణ రంగంలోనే మరో పనో ఇవ్వగలరా అని కూడా అడిగింది. ఆ నెల 29న కేంద్రం వాళ్లకు మాజీ సైనికుల ఆరోగ్య పథకాన్ని వర్తింపజేసింది, సభ్యత్వ రుసుము కూడా వద్దంది. మంచి నిర్ణయమే. కానీ ఆ పథకం ఆస్పత్రి ఖర్చు వరకే. డెస్క్ ఉద్యోగం అందులో రాదు, మాజీ సైనికుడి హోదా అంతకన్నా రాదు.