కంచెలు పడని పొలాలు: లాక్స్‌టన్ వెనుక కథ

ఇంగ్లాండ్‌లో నాటింగ్‌హామ్‌షైర్‌లోని లాక్స్‌టన్ చిన్న పల్లె. ఒక చర్చి, ఒక పబ్బు, ఒక పెద్దవీధి. ఆ వీధి పొడవునా రైతుల ఇళ్లు. ఇంగ్లాండ్‌లో చాలాచోట్ల రైతు ఇల్లు పొలం నడుమ ఒంటరిగా కనిపిస్తుంది. ఇక్కడ మన పల్లెల్లోలా అందరూ ఊళ్లోనే ఉంటారు. ఒక్కో రైతు భూమి ముక్కలుముక్కలుగా మూడు పెద్ద పొలాల్లో పడి ఉండటమే కారణం.

వెస్ట్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్. ఒకదాంట్లో చలికాలానికి ముందు విత్తే గోధుమ, ఇంకోదాంట్లో వసంతంలో వేసే పంట, మూడోది పడావు. ఏడాది తిరిగితే వంతు మారుతుంది. ఒకప్పుడు ఇంగ్లాండ్ నడిబొడ్డున లెక్కలేనన్ని ఊళ్లు ఇలాగే సాగేవి. 1604 నుంచి 1914 దాకా పార్లమెంటు చేసిన 5,200కు పైగా చట్టాలతో ఉమ్మడి పొలాలు విడిపోయి కంచెలు లేచాయి. ఉమ్మడి బీళ్లలో ఆవును మేపుకొని బతికిన పేదలకు ఆ ఆసరా పోయింది. లాక్స్‌టన్‌లో ఇద్దరు పెద్ద భూస్వాముల మధ్య ఒప్పందం కుదరక పంపకం పూర్తికాలేదు. ఆ పేచీ ఊరికి మేలే చేసిందంటాను. 1635లో మార్క్ పియర్స్ గీసిన పటంలోని మూడు పొలాలను నేటికీ నేలమీద గుర్తుపట్టవచ్చు.

ఏటా నవంబరు చివర్లో ఊరి జూరీ, అంటే పొలాలను తనిఖీ చేసే ఊరివాళ్ల బృందం, కొత్తగా గోధుమ విత్తిన పొలానికి వెళ్తుంది. బూట్లకు అంటుకునే బంకమట్టిలో హద్దులు చూసుకుంటూ నడుస్తారు, కర్ర గూటాలు దిగ్గొడతారు. ఎవరి నాగలైనా ఉమ్మడి దారిలోకి జరిగిందా, జరిమానా తప్పదు. వారం తర్వాత పబ్బులో కూర్చునే కోర్ట్ లీట్‌లో, అంటే పాతకాలం నుంచి వస్తున్న ఊరి కోర్టులో, తీర్పు. ఇలాంటి కోర్టుల అధికారాలను 1977 చట్టం తీసేసినా, లాక్స్‌టన్‌ను మినహాయించింది.

అసలు చిక్కు యాజమాన్యం దగ్గర వచ్చింది. ఈ పద్ధతి నిలవాలనే 1952లో వ్యవసాయ శాఖ ఊరి భూస్వామి ఎర్ల్ మాన్వర్స్ నుంచి ఎస్టేట్ కొన్నది. 1981లో అది బ్రిటిష్ రాచరికపు ఆస్తులను చూసే క్రౌన్ ఎస్టేట్ చేతికి వెళ్లింది. ఆ సంస్థ 2018లో అమ్మకానికి సిద్ధపడేసరికి ఊరి భవిష్యత్తు మీద దిగులు మొదలైంది. చివరికి 2020లో మాన్వర్స్ వంశానికి చెందిన థోర్స్‌బీ ఎస్టేటే తిరిగి కొన్నది. పాత పటాన్ని గ్రంథాలయం భద్రంగా దాచగలదు. పొలం వంతును మాత్రం ఏటా దున్నే రైతులే నిలపాలి. వాళ్లకు గిట్టుబాటయ్యే కౌలు ఇవ్వడమే కొత్త యజమాని ముందున్న మొదటి పని.