బ్రిటన్ రాచరికం: లండన్‌లో నన్ను అడిగే ప్రశ్నలు, వాటి వెనకున్న అపోహలు

లండన్ వచ్చిన తెలుగువాళ్ళకి ఊరు చూపించడం నా పని. ఎక్కువమంది ఇక్కడ ఉద్యోగాలు చేస్తున్న పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలే. బకింగ్‌హామ్ ప్యాలెస్ గేటు ముందు నిలబడగానే వాళ్ళు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. వాటి వెనక కొన్ని తప్పు నమ్మకాలుంటాయి. ఆ నమ్మకంతో చూస్తే అసలు చూడాల్సింది కంటికి ఆనదు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఇక్కడ కనిపించేదంతా వెయ్యేళ్ళ నాటిది.

ఇంగ్లండ్ రాచరికం వయసు వెయ్యేళ్ళు దాటిన మాట నిజమే. 1066 నుంచి పట్టాభిషేకాలు జరుగుతున్నది వెస్ట్‌మినిస్టర్ అబ్బేలోనే. కానీ కంటికి కనిపించేవాటిలో చాలావరకు మన తాతముత్తాతల కాలానివి. అందరూ ఫొటో దిగే ప్యాలెస్ ముఖభాగానికి ఆ రాయి తొడిగింది 1913లో. విండ్సర్ అనే ఇంటిపేరు 1917లో పెట్టుకున్నది. జర్మనీతో యుద్ధం చేస్తూ జర్మన్ పేరు మోయడం బాగోదని ఐదో జార్జి మార్చేశాడు. రాజుగారి క్రిస్మస్ ప్రసంగం 1932లో రేడియోతో మొదలైంది.

ఇక కిరీటాలు. 1649లో మొదటి ఛార్లెస్ తల నరికి, రాచరికాన్నే రద్దు చేశారు. పాత కిరీటాల్ని కరిగించారు, రాళ్ళు అమ్మేశారు. పదకొండేళ్ళకి రాచరికం తిరిగొచ్చాక రెండో ఛార్లెస్ కోసం 1661లో అన్నీ కొత్తగా చేయించారు. 2023 మే 6న మూడో ఛార్లెస్ తల మీద పెట్టిన సెయింట్ ఎడ్వర్డ్ కిరీటం అప్పటిదే. బరువు రెండు కిలోల పైమాటే.

టవర్ ఆఫ్ లండన్‌కి వెళ్ళినప్పుడు కిరీటాల ధగధగలో ఒక చిన్న చెంచాని చూడకుండా దాటేస్తారు. దయచేసి దాటేయకండి. వెండి మీద బంగారు పూత పూసిన ఆ చెంచా పన్నెండో శతాబ్దానిది. అక్కడున్న రాజచిహ్నాలన్నిటిలో పాతది. రాజు ఆస్తులు అమ్మేసినప్పుడు వస్త్రాగారంలో పనిచేసిన ఒకాయన దాన్ని పదహారు షిల్లింగులకు కొనుక్కుని, కొత్త రాజు రాగానే తెచ్చి ఇచ్చేశాడు. చెంచా గుంట మధ్యలో సన్నటి గట్టు ఉంటుంది, గుంటని రెండుగా చీలుస్తూ. ఆర్చిబిషప్ రెండు వేళ్ళూ తైలంలో ముంచడానికి అలా చేశారంటారు. ఆ తైలంతో రాజుకి అభిషేకం చేసే ఘట్టం మాత్రం ఎవరికీ చూపించరు. 2023లో ప్రపంచమంతా టీవీల ముందు కూర్చున్నా, ఆ కాసేపు చుట్టూ తెరలు నిలబెట్టారు. నైవేద్యం వేళ గర్భగుడికి తెర వేయడం చూస్తూ పెరిగిన మనవాళ్ళకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

అపోహ: రాజుదే తుది మాట. పార్లమెంటు బిల్లుని ఆపేయగలడు.

రాజు ఆమోదం లేనిదే బిల్లు చట్టం కాదు, నిజమే. కానీ ఆమోదం నిరాకరించడం చివరిసారి జరిగింది 1708లో, ఆన్ రాణి కాలంలో. పార్లమెంటు ప్రారంభంలో రాజు చదివే ప్రసంగం కూడా ప్రభుత్వం రాసిచ్చిందే.

అపోహ: ఎర్రకోటు గార్డులు టూరిస్టుల కోసం పెట్టిన అలంకారం.

వాళ్ళు నిజమైన సైనికులు. ఆ రెజిమెంట్లు అఫ్గానిస్తాన్‌లో యుద్ధం చేసి వచ్చాయి. పక్కన నిలబడి ఆటపట్టించకండి.

అపోహ: రాచరికం మీద మోజు అంటే బానిస బుద్ధి.

ఈ మాట ఎక్కువగా పిల్లలు తల్లిదండ్రులతో అనడం వింటాను. నాకది సరైన మాటగా అనిపించదు. మా బృందంతో వచ్చిన ఒకావిడ గార్డు మార్పిడి చూస్తూ, "మా ఊళ్ళో తేరు తాడు ముందు ఫలానా ఇంటివాళ్ళే పట్టుకోవాలి బాబూ, ఇక్కడా అలాంటివి ఉంటాయా?" అని అడిగారు. ఉన్నాయమ్మా అన్నాను. పట్టాభిషేకంలో, ఈ రాజుని కాదనేవాళ్ళుంటే ముందుకు రమ్మని రాజు తరఫున సవాలు విసిరే హక్కు డైమోక్ వంశానిది, వందల ఏళ్ళుగా. ఇప్పుడా సవాలు లేదు. అయినా 2023లో ఆ వంశం వాళ్ళే రాజపతాకం మోశారు. ఆవిడ అడిగిన ప్రశ్నలో బానిసత్వం ఎక్కడుంది? ఒక పని ఎవరు, ఏ వరసలో, ఎంత శ్రద్ధగా చేస్తున్నారో గమనించే కన్ను అది. 2022 సెప్టెంబరులో ఎలిజబెత్ రాణి పార్థివదేహాన్ని చూడటానికి సుమారు రెండున్నర లక్షల మంది థేమ్స్ ఒడ్డున బారులు తీరారు. రాత్రంతా చలిలో నిలబడ్డారు. తిరుమల క్యూలో కూర్చున్నవాళ్ళకి ఆ ఓపిక కొత్త కాదు.

అలాగని అన్నీ మెచ్చుకోమని నేననను. టవర్‌లో కిరీటాలున్న ఆ అద్దాల వెనక మన గాయం కూడా ఒకటుంది.

అపోహ: కోహినూర్ రాజుగారి కిరీటంలో ఉంది. మహారాజు కానుకగా ఇచ్చాడు.

రెండూ తప్పే. అది ఉన్నది 1937లో ఆరో జార్జి భార్య ఎలిజబెత్ కోసం చేయించిన కిరీటంలో. 2023లో కమిల్లా రాణి దాన్ని పెట్టుకోలేదు, మేరీ రాణి కిరీటం పెట్టుకున్నారు. కానుక మాటకొస్తే, 1849లో పంజాబ్‌ని ఆక్రమించుకున్నాక ఈస్టిండియా కంపెనీ రాయించుకున్న లాహోర్ ఒప్పందంలో వజ్రం అప్పగించాలన్నది ఒక షరతు. సంతకం పెట్టిన పంజాబ్ మహారాజు దులీప్ సింగ్‌కి పదేళ్ళు. తల్లిని అప్పటికే దూరం చేశారు. తల్లి పక్కన లేని పదేళ్ళ పిల్లాడు ఇచ్చినదాన్ని కానుక అనడానికి నాకు నోరు రాదు.

మరోటి, లోపలికి వెళ్ళాక "ఇంతేనా?" అంటారు. 1852లో మెరుపు కోసం సానబట్టి, 186 క్యారెట్ల రాయిని 105.6కి తగ్గించారు. దగ్గర్లోనే రాజదండంలో మెరిసే దక్షిణాఫ్రికా వజ్రం కలినన్ 530 క్యారెట్లు.

కోహినూర్ పల్నాడులోని కొల్లూరు గనిలో దొరికిందని తరతరాలుగా చెప్పుకుంటున్నారు. దానికి రాతపూర్వక రుజువు లేదు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం కింద ఉంది. సత్తెనపల్లి వైపు నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ మాస్టారు ఈ సంగతంతా మౌనంగా విన్నారు. "మా అత్తగారి బంధువులది ఆ పక్క ఊరే" అన్నారు. బృందమంతా బయటికొచ్చాక చూస్తే ఆయన లేరు. వెనక్కి వెళితే అద్దం ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నారు. నేనూ పక్కనే నిలబడ్డాను.