ఆటలు మా ఊళ్లో పెట్టేముందు మమ్మల్ని అడిగారా అనే ప్రశ్న ఎక్కడ మొదలైంది

ఒక ఊరికి ఒలింపిక్స్ వస్తున్నాయి అనగానే స్టేడియం ఎంత పెద్దది, మెట్రో ఎక్కడిదాకా వేస్తారు, ఇవే మాట్లాడుకుంటాం. ఆ స్టేడియం కట్టే జాగా పక్కన కాపురం ఉంటున్నవాళ్లని ఒక్కసారైనా అడిగారా అన్న మాట మాత్రం చాలా లేటుగా వచ్చింది. ఇప్పుడు కొన్ని ఊళ్లలో ఓటింగ్ పెట్టి మరీ అడుగుతున్నారంటే అది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు, యాభై ఏళ్లుగా జనం కొట్లాడి తెచ్చుకున్నది, అందుకే ఈ కథ మొదట్నుంచి చెప్పాలనిపించింది.

ఒకప్పుడు అడగాల్సినంత పెద్ద పనే ఉండేది కాదు. 1948 లండన్ చూడండి, యుద్ధం అయిపోయి మూడేళ్లే, తిండికి ఇంకా రేషనే, కొత్త స్టేడియం ఒక్కటి కూడా కట్టకుండా ఉన్న వెంబ్లీలోనే ఆటలు పెట్టేశారు, ప్లేయర్లని మిలటరీ క్యాంపుల్లో, కాలేజీ హాస్టళ్లలో సర్దారు, తువ్వాళ్లు ఎవరివి వాళ్లే తెచ్చుకోమన్నారు. 1964 టోక్యోకి వచ్చేసరికి లెక్క మొత్తం మారిపోయింది. అక్టోబర్ 1న బుల్లెట్ రైలు మొదలైంది, 10న ఆటలు మొదలయ్యాయి, అంటే ఆటల పేరు చెప్పి ఊరినే తిరగరాసేశారు.

ఆ తిరగరాయడంలో ఇళ్లు పోయినవాళ్లు ఉంటారు కదా, వాళ్లలో కొందరు స్టేడియం పక్కనే కసుమిగవోకా అనే సర్కారీ అపార్ట్‌మెంట్లలోకి చేరారు. సరే అనుకుని యాభై ఏళ్లు అక్కడే బతికారు. మళ్లీ 2020 ఆటలు టోక్యోకే వచ్చాయి, కొత్త నేషనల్ స్టేడియం కోసం ఆ అపార్ట్‌మెంట్లనే కూలగొట్టారు. వయసులో ఉన్నప్పుడు ఒకసారి, ముసలితనంలో ఇంకోసారి, అవే ఆటల కోసం రెండుసార్లు సామాను సర్దుకున్న మనుషులు ఉన్నారక్కడ. ఎన్నిసార్లు చదివినా నాకు మనసు కలుక్కుమంటుంది.

అడగకపోతే మేమే చెప్తాం అని మొదట గట్టిగా నిలబడింది అమెరికాలో కొలరాడో జనం. 1976 వింటర్ గేమ్స్ ఆ రాష్ట్ర రాజధాని డెన్వర్‌కి ఇస్తున్నట్టు 1970లోనే ప్రకటించారు, ఆ తర్వాత ఖర్చు అంచనా పెరుగుతూనే పోయింది, కొండల్లో ఉండే ఎవర్‌గ్రీన్ లాంటి ఊళ్లవాళ్లకి తమ చెట్ల మధ్య నుంచి మంచు ఆటల ట్రాక్‌లు వెళ్తాయని తర్వాత తెలిసింది. సంతకాలు సేకరించి విషయాన్ని బ్యాలెట్ దాకా తీసుకెళ్లారు. 1972 నవంబర్ 7న, ప్రెసిడెంట్ ఎన్నికల రోజే, దగ్గర దగ్గర 60 శాతం మంది మా టాక్స్ డబ్బు దీనికి పెట్టొద్దు అని ఓటేశారు. ఆటలు ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్‌కి వెళ్లిపోయాయి. చేతికొచ్చిన ఒలింపిక్స్‌ని ఓటేసి వెనక్కిచ్చిన ఊరు ఇప్పటిదాకా అదొక్కటే. ఆ ఉద్యమంలో ముందున్న రిచర్డ్ ల్యామ్ తర్వాత అదే రాష్ట్రానికి గవర్నర్ అయ్యాడు.

వాళ్ల భయం ఉత్తిదేం కాదని అదే 1976లో మాంట్రియల్ సమ్మర్ గేమ్స్ చూపించాయి. మగాడు బిడ్డని కనడం ఎలా జరగదో ఒలింపిక్స్‌కి నష్టం రావడం కూడా అలాగే జరగదు అని ఆ ఊరి మేయర్ జాన్ డ్రాపో ధీమాగా చెప్పాడు. అప్పు తీరేసరికి 2006 అయింది! ముప్పై ఏళ్లు, అదీ సిగరెట్ల మీద వేసిన పన్నుతో కూడా కట్టుకుంటూ. ఆటలు చూసిన పిల్లలు పెద్దవాళ్లై, వాళ్లకి పిల్లలు పుట్టి, అయినా అప్పు ఉంది.

మాంట్రియల్ చూసి అందరూ వెనక్కి తగ్గారు, టెహ్రాన్ కూడా తప్పుకోవడంతో 1984కి లాస్ ఏంజెలిస్ ఒక్కటే మిగిలింది. ఆ ఊరి ఓటర్లు 1978లో తిరిగిరాని మునిసిపల్ డబ్బు ఆటలకి పెట్టకూడదని చట్టమే చేయించుకున్నారు, ఒలింపిక్స్ నడిపే అంతర్జాతీయ కమిటీ ఐఓసీ వేరే దారి లేక ఒప్పుకుంది. 1923 నాటి కొలీజియం స్టేడియంనే వాడుకుని, చివరికి 20 కోట్ల డాలర్లకి పైగా మిగిల్చారు. నా ఉద్దేశంలో అసలు పాఠం లాభం కాదు, ముందు జనం గీత గీశారు, ఆర్గనైజర్లు ఆ గీత లోపల పని చేశారు.

తర్వాత మళ్లీ పోటీ పెరిగింది, ఖర్చులూ పెరిగాయి, జనం మళ్లీ బ్రేక్ వేశారు. 2013లో మ్యూనిక్, 2014లో క్రాకో, 2015లో హాంబర్గ్, 2018లో కాల్గరీ, అన్నిచోట్లా ఓటింగ్‌లో వద్దన్నారు. 2022 వింటర్ గేమ్స్‌కి చివరికి మిగిలినవి బీజింగ్, అల్మాటీ రెండే. ఐఓసీ 2014లో రూల్స్ మార్చి, ఉన్న స్టేడియాలే వాడండి అనడం వెనక ఉన్నది ఈ దెబ్బే. పారిస్ 2024లో 95 శాతం వేదికలు పాతవో టెంపరరీవో. వద్దన్న మ్యూనిక్కే 2025 అక్టోబర్‌లో ఇంకో బిడ్‌కి మూడింట రెండొంతుల ఓట్లతో సరే అంది, 1972 నాటి ఒలింపిక్ పార్క్‌నే మళ్లీ వాడతామన్న ప్లాన్ ముందు పెట్టాక.

ఇదంతా ఓటు వేయనిచ్చిన చోట కథ. ఆ అవకాశం లేని చోట జనం వేరే దారులు వెతుక్కున్నారు. 1982 ఢిల్లీ ఏషియాడ్‌కి ఫ్లైఓవర్లు, స్టేడియాలు కట్టిన కూలీలకి రోజుకి 9 రూపాయల 25 పైసలు రావాలి, మధ్యలో జమాదారు ఒక రూపాయి కోసుకుంటే చేతికి 8.25 వచ్చేది. పౌరహక్కుల సంస్థ పీయూడీఆర్ రాసిన ఉత్తరాన్నే సుప్రీంకోర్టు పిటిషన్‌గా తీసుకుంది, కనీస వేతనం కంటే తక్కువిచ్చి పని చేయించుకోవడం అంటే ఆర్టికల్ 23 ప్రకారం వెట్టిచాకిరీయే అని జస్టిస్ భగవతి తీర్పిచ్చారు. ఆ స్టేడియాల సంగతి అటుంచితే ఆ తీర్పు ఈరోజుకీ ఏ కూలీకైనా పనికొస్తుంది.

రియో 2016లో ఒలింపిక్ పార్క్ పక్కనే విలా ఆటోడ్రోమో అనే బస్తీ ఉండేది, వందల కుటుంబాలు. ఖాళీ చేయమంటే వాళ్లు ఊరికే కాదనలేదు, యూనివర్సిటీ ప్లానర్లని కూర్చోబెట్టుకుని బస్తీని అక్కడే ఎలా బాగుచేయొచ్చో సొంతంగా ప్లాన్ గీయించారు. సర్కారు వినలేదు, ఇంటి తర్వాత ఇల్లు కూలుతూ పోయింది, డబ్బు తీసుకుని వెళ్లినవాళ్లు వెళ్లారు. ఓ ఇరవై కుటుంబాలు మాత్రం కదల్లేదు. ఆటలు మొదలయ్యే కొద్దిరోజుల ముందు ఆ ఇరవై కుటుంబాలకీ అదే నేల మీద వరసగా చిన్న తెల్ల ఇళ్లు కట్టి తాళాలు చేతిలో పెట్టారు.