ఇంజిన్ గొంతు ఎంత వెడల్పుండాలి?

పెట్రోలు కారు బానెట్ ఎత్తి, ఎయిర్ ఫిల్టరు డబ్బా నుంచి ఇంజిన్‌కు వెళ్లే నల్లటి రబ్బరు గొట్టాన్ని ఊడదీస్తే, దాని వెనక పోతపోసిన అల్యూమినియం గొట్టం ముక్క ఒకటి, అందులో ఇరుసు మీద తిరిగే గుండ్రటి లోహపు బిళ్ళ ఒకటి కనిపిస్తాయి. కాస్త పాతబడిన బండి అయితే ఆ బిళ్ళ అంచు చుట్టూ నల్లటి జిడ్డు వలయంలా పేరుకుని ఉంటుంది. ఇదే థ్రాటిల్ బాడీ. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్‌కు పెట్రోలు పోస్తున్నామని చాలామంది అనుకుంటారు గానీ, నిజానికి మన కాలు కదిపేది ఈ బిళ్ళనే. అది తిరిగిన మేరకు గాలి లోపలికి పోతుంది, పోయిన గాలిని లెక్కగట్టి తగినంత పెట్రోలు చిమ్మించడం కంప్యూటర్ చూసుకుంటుంది. ఇంజిన్ గొంతును అవసరం మేరకు నొక్కి పట్టడమే ఉద్యోగంగా ఉన్న భాగమిది కాబట్టి, ఆ గొంతు వెడల్పు చేస్తే బలం పెరగదా అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. విడిభాగాల మార్కెట్లో ఒక పెద్ద వ్యాపారం ఆ ఆలోచన మీదే నడుస్తోంది.

అయితే బిళ్ళ గొంతు నొక్కేది మనం సగం తొక్కినప్పుడు. పూర్తిగా తొక్కితే అది గాలి పోయే దిశలోకి తిరిగి, దాదాపు అడ్డు తప్పుకుంటుంది. కొత్తది కొనాలా వద్దా అన్నది తేల్చాలంటే, పూర్తిగా తెరుచుకున్నాక కూడా పాతది గాలిని ఎంత ఆపుతోందో తెలియాలి.

ఈ లెక్కకు అమెరికాలో బాగా నలిగిన ఉదాహరణ ఫోర్డ్ మస్టాంగ్ 5.0. 1987 నుంచి 1992 దాకా వచ్చిన ఈ కారులోని వి-8 ఇంజిన్ పరిమాణం 4942 సీసీ, బలం 4200 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర 225 హార్స్‌పవర్. కంపెనీ బిగించిన థ్రాటిల్ వ్యాసం 60 మిల్లీమీటర్లు కాగా, బయట 65, 70, 75 మిల్లీమీటర్లవి దొరుకుతాయి. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి తన పరిమాణమంత గాలి పీల్చుకుంటుంది. 5000 ఆర్‌పీఎం దగ్గర సిలిండర్లు ఎనభై శాతం నిండుతున్నాయనుకుంటే, సెకనుకు సుమారు 165 లీటర్ల గాలి ఆ గొంతు గుండా పోవాలి. 60 మిల్లీమీటర్ల గొంతులో దాని వేగం సెకనుకు 58 మీటర్లు, అంటే గంటకు 210 కిలోమీటర్ల గాలివాన. ఆ వేగం తెచ్చుకోవడానికి గాలి ఖర్చు పెట్టే పీడనం సుమారు 2 కిలోపాస్కల్స్. 75 మిల్లీమీటర్ల గొంతులో వైశాల్యం 56 శాతం ఎక్కువ కాబట్టి వేగం 37 మీటర్లకు, పీడనం 0.8 కిలోపాస్కల్స్‌కు దిగుతుంది. గొంతు ఆకారాన్ని బట్టి, ఇరుసు మందాన్ని బట్టి అసలు నష్టం దీనికి కాస్త అటూ ఇటూగా ఉండవచ్చు గానీ, మిగిలేది కిలోపాస్కల్ పైచిలుకే. వాతావరణ పీడనం 100 కిలోపాస్కల్స్‌కు కాస్త పైన కాబట్టి, వైశాల్యం సగానికి పైగా పెరిగినా లాభం ఒక శాతం చుట్టుపక్కలే, అంటే 225 హార్స్‌పవర్‌కు రెండో మూడో కలుస్తాయి.

మరి పెద్దది వేయించుకున్నవాళ్లు బండి పికప్ పెరిగిందని ప్రమాణం చేసి చెబుతారే? వాళ్లు అబద్ధమాడటం లేదు. బిళ్ళ పెద్దదైనప్పుడు, పెడల్‌ను అదే కాస్త నొక్కినా తెరుచుకునే సందు పెద్దదవుతుంది, కాబట్టి అంతకుముందు సగం తొక్కితే వచ్చిన దూకుడు ఇప్పుడు అంతకంటే తక్కువ తొక్కితేనే వస్తుంది. సిగ్నల్ దగ్గర బండి ముందుకు ఉరికినట్టు అనిపించేది అందుకే. పూర్తిగా తొక్కి చూస్తే గానీ తేడా ఎంతో బయటపడదు, నగరంలో పూర్తిగా తొక్కే సందర్భాలు ఎన్ని ఉంటాయో మనకు తెలియనిది కాదు.

అందుకే కొనే ముందు కొలవమంటాను. చాలా కార్లలో, థ్రాటిల్ దాటిన గాలిని సిలిండర్లకు పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్ మీద పీడనాన్ని కొలిచే మ్యాప్ సెన్సర్ ఉంటుంది, స్టీరింగ్ కింది సాకెట్లో చిన్న స్కానర్ పెడితే దాని రీడింగ్ ఫోన్‌లో కనిపిస్తుంది. హైదరాబాద్‌లో మా పాత హ్యాచ్‌బ్యాక్‌కు ఈ పరీక్ష చేశాను. ఇంజిన్ ఆపి తాళం మాత్రం తిప్పితే 95 కిలోపాస్కల్స్ చూపించింది, అది ఆ చోటి వాతావరణ పీడనం. ఖాళీ రోడ్డు మీద రెండో గేరులో పెడల్ నేలకు ఆనించి, పక్క సీట్లో ఉన్న మా తమ్ముణ్ణి చదవమంటే, 5500 ఆర్‌పీఎం దగ్గర 91 అన్నాడు. నాలుగు పోతున్నాయి, కాబట్టి థ్రాటిల్ మార్చాల్సిందే అనిపించింది. ఇంటికొచ్చి ఫిల్టరు తీసి నేలకేసి తడితే సిమెంటు రంగు దుమ్ము కుప్పగా రాలింది. కొన్ని వందల రూపాయల కొత్త కాగితం ఫిల్టరు వేశాక అదే రోడ్డు మీద 93 వచ్చింది. మిగిలిన రెండింటిలో ఫిల్టరు, గొట్టం, థ్రాటిల్, మానిఫోల్డ్ అన్నీ వాటాదారులే కాబట్టి, థ్రాటిల్ ఒక్కదాన్ని మార్చి తెచ్చుకోగలిగింది ఏమీ మిగల్లేదు. అన్నట్టు, సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉండటం వల్ల హైదరాబాద్ గాలి విశాఖపట్నం గాలి కంటే ఆరు కిలోపాస్కల్స్ పలచన. ఏ థ్రాటిల్ బాడీ ఇవ్వలేనంత లాభం బీచ్ రోడ్డు మీద ఉచితంగా దొరుకుతోందన్నమాట.

పీడనంతో పాటు వేడినీ లెక్కలోకి తీసుకోవాలి. ఇన్‌టేక్ కిట్ పేరుతో అమ్మే వాటిలో చాలావరకు ఫిల్టరు డబ్బాను తీసేసి, బానెట్ కిందే శంకు ఆకారపు ఫిల్టరును బయటికి వదిలేస్తాయి. బయటి గాలి 30 డిగ్రీలు ఉండగా రేడియేటర్ వెనకాల 45 డిగ్రీల గాలి పీలిస్తే సాంద్రత దాదాపు ఐదు శాతం పడిపోతుంది. గంభీరమైన చప్పుడు మాత్రం వస్తుంది, ఆ చప్పుడునే చాలామంది బలమనుకుంటారు. గ్రిల్ వెనక నుంచో ఫెండర్ లోపలి నుంచో చల్లగాలి తెచ్చే కంపెనీ డబ్బాను తక్కువ అంచనా వేయకూడదు.

పెద్ద థ్రాటిల్‌కు అర్థం ఉండే సందర్భం లేకపోలేదు. గాలి వేగం రెట్టింపైతే పీడన నష్టం నాలుగింతలవుతుంది కాబట్టి, ఎక్కువ గాలి పీల్చే ఇంజిన్‌కు ఇరుకు గొంతు నిజంగానే భారమవుతుంది. అదే మస్టాంగ్‌కు మెరుగైన సిలిండర్ హెడ్లు, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్, మానిఫోల్డ్ వేసి 6000 ఆర్‌పీఎం దగ్గర తొంభై శాతం నిండేలా చేస్తే, 60 మిల్లీమీటర్ల గొంతులో నష్టం దాదాపు 3.7 కిలోపాస్కల్స్‌కు చేరుతుంది. అప్పుడు 75 వేస్తే రెండు శాతానికి పైగా తిరిగి వస్తుంది. ఫోర్డ్ కూడా మస్టాంగ్‌లోనే ప్రత్యేక రకమైన 1993 కోబ్రాలో బలాన్ని 235 హార్స్‌పవర్‌కు చేర్చడానికి జీటీ-40 హెడ్లనూ మానిఫోల్డ్‌నూ మార్చింది. ఇరుకు ఎక్కువగా ఉన్నది అక్కడే మరి.

గాలి కొలతను మరిచిపోతే మాత్రం ఇంజిన్‌కే చేటు. 1989 నుంచి మస్టాంగ్ 5.0 లో వేడి తీగ మీదుగా పోయే గాలిని కొలిచే మాస్ ఎయిర్ మీటరు ఉంది. ఆ మీటరు గొట్టాన్ని వెడల్పు చేసి కంప్యూటర్‌కు చెప్పకపోతే, తీగ మీదుగా గాలి నెమ్మదిగా పోయి రీడింగ్ తగ్గుతుంది, పెట్రోలు తక్కువ పడి ఇంజిన్ నాకింగ్ (సిలిండర్లో మిశ్రమం అదుపు తప్పి పేలి టకటకమనడం) మొదలవుతుంది. నూనె పట్టించిన గుడ్డ ఫిల్టర్లతో కూడా జాగ్రత్త అవసరం, నూనె ఎక్కువైతే అది తీగ మీద చేరుతుంది. ఇక కేబుల్ లేని ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉన్న ఇప్పటి కార్లలో, బిళ్ళ ఎంత తిరిగితే ఎంత గాలి రావాలో కంప్యూటర్‌లో ముందే రాసి ఉంటుంది. ట్యూనింగ్ మార్చకుండా పెద్దది బిగిస్తే ఐడ్లింగ్ నిలవదు, ఒక్కోసారి వార్నింగ్ లైటు వెలిగి బండి బలం తగ్గించుకుంటుంది. చట్టం సంగతీ చూసుకోవాలి. కాలిఫోర్నియాలో ఇలాంటి భాగానికి అక్కడి వాయు వనరుల బోర్డు ఇచ్చిన మినహాయింపు ఉత్తర్వు నంబరు ఉండాలి, మన దేశంలో తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుకుంటుంది.

ఇవన్నీ దాటి పెద్దది కొనాలనే నిర్ణయించుకున్నవారు దాని వెనక రంధ్రం ఎంతుందో కూడా కొలవాలి. మస్టాంగ్‌లో థ్రాటిల్‌కూ మానిఫోల్డ్‌కూ మధ్య, పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ స్పేసర్ అనే రంధ్రం ఉన్న దిమ్మ ఉంటుంది. దాన్ని పాత కొలతలోనే వదిలేసి ముందు 75 బిగిస్తే, లోపల వేలు పెట్టి చూసినప్పుడు చుట్టూ ఏడు మిల్లీమీటర్లకు పైగా గట్టు తగులుతుంది. గాలికి ఆ గట్టు దగ్గర దొరికే దారి మళ్లీ 60 మిల్లీమీటర్లే.