ఎర్రగడ్డ పేరు చెబితే ఉలిక్కిపాటు ఎందుకు?

"నిన్ను ఎర్రగడ్డలో వెయ్యాలి" అని హైదరాబాద్‌లో నవ్వుతూనే అనేస్తారు. విశాఖ వైపైతే ఆ మాటలో చినవాల్తేరు ఆసుపత్రి పేరొస్తుంది. రెండూ సర్కారు మానసిక వైద్యశాలలే. నిజానికి ఆ రెండు చోట్లా ఓపీకి వచ్చి, మందులు తీసుకుని ఇంటికి వెళ్లిపోయేవాళ్లు బోలెడుమంది. అయినా పేరు వినగానే తాళం వేసిన గేటే గుర్తొస్తుంది. దీన్ని జనం అజ్ఞానం ఖాతాలో రాసేయడం మనకు అలవాటు. నన్నడిగితే, ఆ భయంలో సగం సర్కారు చేతులారా పెంచిందే.

1858లో బ్రిటిష్ పాలకులు పిచ్చాసుపత్రులకు ఒక చట్టం తెచ్చారు. దాని స్థానంలో 1912లో ఇండియన్ లూనసీ యాక్ట్ వచ్చింది. దాని ప్రకారం మనిషిని ఆసుపత్రిలో చేర్చాలంటే ఇంటివాళ్లు మేజిస్ట్రేటుకు అర్జీ పెట్టుకోవాలి, ఇద్దరు డాక్టర్ల సర్టిఫికెట్లు జతచేయాలి, అప్పుడు ఆర్డరు వస్తుంది. దిక్కులేక తిరిగేవాళ్లనైతే పోలీసులే పట్టుకెళ్లి కోర్టులో హాజరుపరిచేవాళ్లు. తనంతట తానుగా చేరతానన్నవాడికి కూడా విజిటర్లనే అధికారులు ఇద్దరు ఒప్పుకోవాలి. జ్వరమొస్తే నాటు వైద్యుడి దగ్గరికో డాక్టరు దగ్గరికో వెళ్లే మనిషికి, మనసు బాగోకపోతే మాత్రం కోర్టు మెట్లు, పోలీసు జీపు. ఊళ్లో అది చూసినవాళ్లు ఏమనుకుంటారు? ఈ చట్టం స్వాతంత్ర్యం వచ్చాక కూడా పోలేదు. 1987లో కొత్త చట్టం పాసయినా అమల్లోకి వచ్చింది 1993 ఏప్రిల్ 1న. అంటే మన తల్లిదండ్రుల తరం మొత్తం ఆ పాత చట్టం నీడలోనే పెరిగింది.

లోపలి పరిస్థితి ఎలా ఉండేదో సర్కారు కాగితాల్లోనే ఉంది. దేశ ఆరోగ్య వ్యవస్థను పరిశీలించి 1946లో నివేదిక ఇచ్చిన భోర్ కమిటీ కోసం రాంచీ మెంటల్ హాస్పిటల్ సూపరింటెండెంట్ కల్నల్ మూర్ టేలర్ దేశంలోని 19 ఆసుపత్రులను పరిశీలించారు. అన్నింట్లో కలిపి 10,181 పడకలు. వాటిలో ఎక్కువ భాగం నయం చేయడానికి కాదు, బంధించి ఉంచడానికి కట్టినవేనని తేల్చారు. నిజాం రాజ్యపు ఆసుపత్రి చాలాకాలం జాల్నాలో నడిచి, 1953లో ఎర్రగడ్డకు మారింది. అప్పటికది ఊరి బయట.

గోడలో మొదటి కంత పడింది పంజాబ్‌లో. 1950లలో అమృత్‌సర్ మెంటల్ హాస్పిటల్ కిక్కిరిసిపోయి ఉండేది. సూపరింటెండెంట్ డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి, పేషెంటుతో పాటు ఇంటివాళ్లనూ అక్కడే ఉండమన్నారు. తల్లి పక్కనే ఉంటుంది, తినిపిస్తుంది, మందు వేస్తే కొడుకులో మార్పు కళ్లారా చూస్తుంది. డాక్టరు ఆ కుటుంబాలన్నింటినీ కూర్చోబెట్టి జబ్బేమిటో, ఇంటికెళ్లాక ఏం చేయాలో వాళ్ల భాషలో చెప్పేవాడు. అలా చూసినవాళ్లు పేషెంటును అక్కడే వదిలేసి పోలేదు, వెంట తీసుకెళ్లారు. స్థలం చాలక మొదలుపెట్టిన ఏర్పాటు చివరికి వైద్యంలో భాగమైపోయింది. మన దగ్గర దీన్ని ఎక్కువగా చూసినవాళ్లు రాయలసీమవాళ్లు. వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి బాగాయంలో నడిపే మానసిక వైద్య కేంద్రంలో ఇంటిమనిషి పక్కనుండడం అప్పటినుంచీ పద్ధతి. చిత్తూరు నుంచి అన్నం క్యారేజీతో వెళ్లి నెల రోజులు ఉండి వచ్చినవాళ్లు ఆ ఊళ్లలో ఉంటారు. ఎవరైనా అడిగితే మాత్రం "కడుపునొప్పికి వెల్లూరు పోయొచ్చాం" అంటారు.

అదే కాలంలో మందులూ వచ్చాయి. 1952లో పారిస్‌లో తీవ్రమైన మానసిక జబ్బులకు క్లోర్‌ప్రోమజైన్ అనే మందు వాడడం మొదలైంది. మన సర్పగంధి మొక్క సంగతి ఇక్కడ చెప్పకపోతే అన్యాయం. గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ అనే వైద్యులు 1931లోనే ఆ వేరు బీపీకీ, పిచ్చికీ పనిచేస్తోందని రాశారు. పాశ్చాత్యులు దాన్ని పట్టించుకోవడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

మందులుంటే సరిపోదు, అందాలి. 1975లో బెంగళూరు దగ్గర సకలవారలో, చండీగఢ్ దగ్గర రాయ్‌పూర్ రాణిలో ఒక ప్రయోగం చేశారు. పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) డాక్టరుకు, ఊళ్లు తిరిగే ఆరోగ్య కార్యకర్తకు కొన్ని జబ్బులు గుర్తుపట్టడం నేర్పితే ఏమవుతుందో చూశారు. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే బళ్లారిలో, బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ జిల్లా మొత్తానికీ ఈ పద్ధతిని అమలు చేసి చూపించింది. ఆ నమూనాతోనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. తొలి నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. ఈ విషయం మెదక్‌లోనే ఎందరికి తెలుసో!

ఇంత జరిగినా 2001 ఆగస్టు 6 ఆగలేదు. తమిళనాడులోని ఏర్వాడి దర్గా దగ్గర ఒక ప్రైవేటు 'మెంటల్ హోమ్' తాటాకు పాకకు నిప్పంటుకుంది. లోపలివాళ్లను గొలుసులతో కట్టేసి ఉంచారు. 28 మంది చనిపోయారు. వాళ్లను అక్కడ వదిలింది సొంతవాళ్లే. ఆ కుటుంబాలను తిట్టడం తేలిక. వాళ్ల ఊరికి దగ్గర్లో డాక్టరు ఎవరున్నారని కూడా అడగాలి కదా. సుప్రీంకోర్టు తనంతట తానుగా కేసు చేపట్టింది. పిచ్చి ఉందన్న కారణంతో నేరం చేయనివాళ్లను జైల్లో ఉంచడం చెల్లదని అదే కోర్టు షీలా బర్సే కేసులో 1993లోనే చెప్పింది. గొలుసులు వేయడాన్ని నేరుగా నిషేధించిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మాత్రం 2017లో వచ్చింది, 2018 మే 29 నుంచి అమలవుతోంది. మత్తు ఇవ్వకుండా షాక్ ట్రీట్‌మెంట్ కూడదన్నది కూడా అందులోనే ఉంది. ఆత్మహత్యాయత్నం చేసిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడాలి తప్ప శిక్షించకూడదన్నదీ అందులోదే.

ఇక వైద్యుల సంగతి. నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో చేసిన 2015-16 సర్వేలో పెద్దవాళ్లలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని తేలింది. ఆ పన్నెండింటిలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణా లేదు. దేశంలో లక్షమందికి ఒక సైకియాట్రిస్టు కూడా లేరు. ఎంబీబీఎస్‌లో సైకియాట్రీకి విడిగా పేపరు లేకపోవడంతో స్టూడెంట్లు దాన్ని సీరియస్‌గా తీసుకోరు. తీసుకున్నవాడిని తోటివాళ్లే "పిచ్చి డాక్టర్" అని ఆటపట్టిస్తారు. అందుకే మన టౌన్లలో క్లినిక్ బోర్డు మీద 'న్యూరో సైకియాట్రిస్ట్' అని ఉంటుంది. నరాల డాక్టరని చెప్పుకుంటే పేషెంటుకీ గౌరవం, డాక్టరుకీ గిరాకీ. మాటలతో, పరీక్షలతో పనిచేసే క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ అనే ప్రభుత్వ సంస్థలో రిజిస్ట్రేషన్ ఉండాలి. వారాంతపు కోర్సు చేసి కౌన్సెలర్ అని బోర్డు పెట్టినవాళ్లకూ వీళ్లకూ తేడా జనానికి ఇంకా తెలియదు.

ఫోన్‌లో మానసిక సాయం అందించే సర్కారు సేవ టెలీ మానస్ 2022 అక్టోబర్ 10న మొదలైంది, నంబరు 14416. ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు, పేరు చెప్పనక్కర్లేదు. 2017 చట్టం ఒంటి జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ ఇన్సూరెన్స్ ఇవ్వాలని చెప్పింది. ఇన్సూరెన్స్ కంపెనీల నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2018లోనూ, మళ్లీ 2022లోనూ కంపెనీలకు అదే గుర్తుచేసింది. కానీ క్లెయిమ్ ఫారంలో జబ్బు పేరు రాయాలి. ఆఫీసు పాలసీ అయితే ఆ కాగితం హెచ్ఆర్ కంట్లో పడుతుందేమోనని, పెళ్లికావాల్సిన చెల్లెలుందని, బిల్లు జేబులోంచే కట్టేస్తున్న ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి.