అడవిదున్న మూపురంలో ఏముంది?

కనుమ రోజు చంద్రగిరి దగ్గర పల్లెలో పశువుల పండగ చూస్తున్నాం. ఒక కోడెగిత్త మా ముందునుంచే దూసుకుపోతుంటే దాని మూపురం అటూ ఇటూ ఊగింది. మా మేనల్లుడు అది చూసి "మామా, అడవిదున్నది కూడా ఇట్లానే మెత్తగా ఊగుతుందా?" అన్నాడు. ఆ గోలలో ఏదో చెప్పేశాను గానీ ఎంత మంచి ప్రశ్న అది!

ఊగదు. గిత్త మూపురమంతా కండ, కాస్త కొవ్వు. నొక్కితే మెత్తగా తగుల్తుంది, కొన్నిటికి ఒక పక్కకి వాలిపోతుంది కూడా. మనిషి నడుము దాకా కూడా రాని మన పుంగనూరు ఆవుకి ఉన్నదీ అదే రకం. అడవిదున్నది అట్లా కాదు, లోపల ఎముక. మన వెన్ను మధ్యలో తడిమితే పూసల కొసలు చేతికి తగుల్తాయి కదా, అవే దానికి భుజాల మీద పలకల్లా పైకి పెరిగాయి. దాని చుట్టమైన అమెరికా బైసన్‌కైతే వీటిలో పొడవైనవి దాదాపు మూరెడు. బడిలో మాత్రం మూపురం అంటే కొవ్వు అని ఒక్క ముక్కలో చెప్పి పేజీ తిప్పేస్తాం, నాకదే బాధ.

ఇంత ఎముక ఎందుకు? మా వీధి బంకు చూస్తే తెలుస్తుంది. ముందున్న రేకు తలుపుని పొద్దున్నే పైకెత్తి, నీడకని తాడుతో కడతారు. మొదట్లో ఆ తాడుని తలుపు బందులకి జానెడు పైనున్న మేకుకే కట్టేవాళ్లు. తాడు దాదాపు అడ్డంగా లాగేది, బరువంతా దాని మీదే పడి రెండుసార్లు తెగింది. తర్వాత బంకు పైన నిలువుగా ఒక గుంజ పాతి, దాని కొసకి కట్టారు. అదే తలుపు, అదే తాడు, ఇప్పుడు సునాయాసంగా నిలబడుతోంది, ఎందుకంటే తాడు పైకి లాగుతోంది. బైసన్‌లో తలుపు అంటే ముందుకు వేలాడే ఆ బండ తల, గుంజ అంటే ఆ పూసల కొసలు, అంటే వెన్ను ముళ్లు, తాడు అంటే వాటినుంచి పుర్రె వెనక్కి పోయే మెడ బంధకం. ఈ తాడులో ఎలాస్టిన్ అనే ప్రొటీన్ ఎక్కువ, అంటే రబ్బరు గుణం. తల దించినప్పుడు సాగి, ఎత్తేటప్పుడు అదే వెనక్కి లాగుతుంది. రోజంతా తల దించి మేసే ప్రాణికి కండల శ్రమ ఎంత మిగులుతుందో ఆలోచించండి! అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కులో చలికాలం బైసన్ తలనే చీపురులా అటూ ఇటూ విసిరి మంచు తోసి, కింద గడ్డి తింటుంది. ఆ విసురుకి కావలసిన కండలు అతుక్కునేదీ ఈ ముళ్లకే.

పేరులో దున్న అని ఉంది గానీ మన అడవిదున్న గేదె జాతి కాదు, ఆవు చుట్టం. క్రోమోజోములు ఆవుకి 60, అడవిదున్నకి 58, మన పాలగేదెకి 50. గేదెకి ఇట్లాంటి గట్టే ఉండదు. దిష్టి తగలదని అడవిదున్న కొమ్ములు గుమ్మానికి కట్టాలనుకునేవాళ్లు ఎక్కడైనా ఉంటే దయచేసి మానండి, 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం.

మరి మంచే లేని పాపికొండల్లో తిరిగే అడవిదున్నకి నడివీపు దాకా సాగి, కోసినట్టు ఒక్కసారిగా దిగిపోయే ఆ గట్టు దేనికి? తల మోయడానికి కొంత, చూపించుకోవడానికి కొంత. పోతుల్లో టన్ను బరువు దాటేవీ ఉంటాయి. అలాంటివి రెండు ఎదురుపడితే వెంటనే కుమ్ముకోవు. పక్కకి తిరిగి, గట్టుతో సహా ఒళ్లంతా కనబడేలా బిగదీసుకుని, ఒకదాని చుట్టూ ఒకటి మెల్లగా అడుగులేస్తాయి. చాలాసార్లు చిన్నది అక్కడే లెక్క తేల్చుకుని, తల దించి, మేస్తూ పక్కకి జరిగిపోతుంది.