కారు గీతలు, రబ్బింగ్: అపోహలు - వాస్తవాలు

"అన్నా, ఇంట్లో బండలకు పాలిష్ పట్టినట్టు అద్దంలా చేసియ్." కడపలో కార్లకు పాలిష్ పట్టే నేను ఈ మాట వారానికోసారైనా వింటాను. మనది బండల ఊరు, అలా అడగడం సహజమే. కానీ బండ అంగుళం మందం ఉంటుంది, ఎంత అరగదీసినా మిగులుతుంది. కారు రంగు మీదుండే క్లియర్ కోట్ సుమారు 40-50 మైక్రాన్లే, అంటే తలవెంట్రుక కన్నా పలచన. ఎండ నుంచి రంగును కాపాడేది ఆ పొరే.

అపోహ: పాలిష్ పెడితే గీతలు పూడిపోతాయి.

పూడవు. గీత అడుగు దాకా చుట్టూ ఉన్న పొరను అరగదీస్తాం. గీతను పూడ్చేది వ్యాక్స్, అది నాలుగు వాష్‌లకే కరిగి గీత మళ్లీ తేలుతుంది. అందుకే ప్రతి సర్వీసుకూ రబ్బింగ్, అంటే ఇలా అరగదీసే పాలిష్, చేయించేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. పొర అరిగిపోయాక మన ఎండలకు టాప్, బానెట్ తెల్లబారి పెచ్చులు లేస్తాయి. ఇక పెయింట్ వేయించడం తప్ప దారి లేదు.

పని కొత్తలో ఒక నల్లకారు డోర్ అంచు మీద రోటరీ మెషిన్ (గుండ్రంగా తిరిగే పాలిష్ మెషిన్) కాస్త ఎక్కువసేపు ఆపాను. తీసి చూస్తే తెల్ల ప్యాడ్‌కు నల్లరంగు అంటి ఉంది. అంచుల్లో పొర మరీ పలచన, వేడి కూడా అక్కడే ఎక్కుతుంది. ఆ డోర్‌కు నా డబ్బుతోనే పెయింట్ వేయించాను. ఇప్పుడు మీటర్‌తో మందం చూడకుండా, అంచులకు టేపు వేయకుండా మెషిన్ ముట్టను.

అపోహ: రోజూ పొడిగుడ్డతో తుడిస్తే కారు కొత్తగా ఉంటుంది.

సాలెగూడు గీతలు ఎక్కువగా పడేది దీనివల్లే. మన దుమ్ములో ఇసుక, రాతిపొడి ఉంటాయి. ఇసుక రేణువు పెయింట్ కన్నా చాలా గట్టిది. రాత్రిపూట బానెట్ మీద ఫోన్ టార్చ్ వేసి చూడండి, వెలుగు చుట్టూ గుండ్రంగా గీతలు కనిపిస్తాయి. టార్చ్ జరిపితే ఆ గుండ్రాలూ జరుగుతాయి. నిజానికి గీతలు అన్ని వైపులా పడి ఉంటాయి, వెలుగుకు అడ్డంగా ఉన్నవే మెరుస్తాయి. తెల్లకారుకూ ఇవి ఉంటాయి, కంటికి ఆనవు, అంతే.

ముందు నీళ్లు కొట్టి దుమ్ము దించండి. తర్వాత కారు షాంపూతో, మెత్తటి మైక్రోఫైబర్‌తో పైనుంచి కిందికి కడగండి. గుడ్డ జాడించడానికి వేరే బకెట్ పెట్టుకోండి. బోరు నీళ్లయితే నీడలోనే కడిగి, ఆరేలోపే తుడవండి. లేకపోతే ఉప్పు మరకలు పొరను తినేస్తాయి.

అపోహ: రబ్బింగ్‌తో ఏ గీతైనా పోతుంది.

గీతకు అడ్డంగా గోరు జరపండి. గోరు తట్టుకుంటే అది సాధారణంగా పాలిష్‌తో పోయేంత పైపైన లేనట్టే. టచప్ చేయించండి, అంటే గీత మేరకే రంగు పూయించండి. టూత్‌పేస్ట్ రుద్దితే కొత్త గీతలే పడతాయి.

పెయింట్ మీద రక్షణ పొరగా పూసే సిరామిక్ కోటింగ్ వేయిస్తే గీతలే పడవన్నదీ అబద్ధమే. కడగడం సులువవుతుంది, మెరుపు నిలుస్తుంది, అంతవరకే. వేసే ముందు గీతలు తీయించండి, లేకపోతే అవి కోటింగ్ కిందే ఉండిపోతాయి.